వాత మానకముందే

గొర్రె మెడలోంచి రక్తం తీయడం నాకు నేర్పింది మా బావ. ఎం.ఎస్సీ. చదివినదాన్ని కాబట్టి సూది పట్టుకోవడం తెలుసు. గొర్రెను పట్టుకోవడం తెలియదు. ఆయన దాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, గదవ కింద చెయ్యేసి తల పైకి విరిచి పట్టేవాడు. ఉన్ని కత్తిరించిన చోట బొటనవేలితో నొక్కితే నరం ఉబ్బేది.

"ఇంగ పొడువు మే. యాల దడుస్తాండావు? అది నీకంటే గట్టిది" అనేవాడు.

పొడిచేదాన్ని. గొర్రె ఒక్కసారి తన్నుకునేది. బావ మోకాళ్లు ఇంకా బిగించేవాడు. గొట్టంలోంచి సీసాలోకి రక్తం వేడిగా దిగేది.

నేను కుప్పం దగ్గర ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. అక్కడ యాంటీబాడీలు తయారుచేస్తాం. ఒంట్లోకి సూక్ష్మజీవులు చొరబడినప్పుడు రక్తంలోని తెల్లకణాల్లో ఒక రకం తన పైపొర మీదికి ఒక ప్రొటీన్‌ను తెచ్చి నిలబెడుతుంది. ఆ ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ మన దగ్గర ఉంటే, ఒంట్లో ఉన్న వాపు చీము పట్టినందువల్ల వచ్చిందా, లేక ఆ మనిషి కణాలు ఆ మనిషి మీదే తిరగబడినందువల్ల వచ్చిందా అన్నది చుక్క రక్తంతో తేల్చవచ్చు. దానికోసం ఆ ప్రొటీన్‌ను నూనెలాంటి మందులో కలిపి గొర్రెలకు సూది వేస్తాం. గొర్రె ఒళ్లు దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు పుట్టిస్తుంది. రక్తం తీసి వాటిని వేరుచేసుకుంటాం. ఇక్కడ నాలుగు వాక్యాల్లో రాశాను కానీ, మూడేళ్లుగా చేస్తున్నాం, ఇంకా పూర్తి కాలేదు.

ప్రయోగశాలకు సొంతంగా జంతువుల షెడ్డు కట్టేదాకా గొర్రెలను బయట ఉంచాల్సి వచ్చింది. బావవాళ్లది పుంగనూరు పక్కన ఒక మెట్ట పల్లె. గొర్రెలు వాళ్ల ఇంటికి కొత్త కాదు. కావాల్సిన అనుమతులు తెచ్చుకుని, పది గొర్రెలను వాళ్ల దొడ్లో వేరే షెడ్డు వేసి ఉంచాం. ఆ ఏర్పాటు కుదిర్చింది నేనే. నెలకు రెండుసార్లు అక్కను చూడవచ్చన్నది అందులో నా స్వార్థం.

అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద. సీజన్‌లో మదనపల్లె టమాటా మండీకి కాయలు ఏరే పనికి పోయేది. పండుకాయ, దోరకాయ, దెబ్బతిన్న కాయ, మూడు కుప్పలు. కళ్లతో చూడకుండానే వేళ్లతో తేల్చేస్తుందని మండీలో పేరు. ఆరేళ్ల కిందట ఆ వేళ్లు వాచాయి. మొదట పొద్దున పూట, తర్వాత రోజంతా. తర్వాత మణికట్లు, మోకాళ్లు. ఈ కథ నాటికి ఆమె జడ వేసుకోలేకపోయేది, పాలప్యాకెట్ చించలేకపోయేది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు అరచేతిలోకి ముడుచుకుని ఉండిపోయాయి.

మదనపల్లెలో కీళ్ల డాక్టరు ఎక్స్-రే వెలుగుకు పట్టి చూపించాడు. మణికట్టు ఎముకల అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. "మీ అక్క తెల్లకణాలే కొరుకుతాండాయి. బయటోడు ఎవుడూ లేడు" అన్నాడు. "ఇట్లే పోతే ఈ చెయ్యి మొత్తం ముడుచుకుపోతుంది. తిన్న ఎముక తిరిగి రాదు."

మాకు కావలసింది అదొక్కటే. ఆ చెయ్యి ముడుచుకుపోకముందే దాన్ని ఆపాలి.

*

గొర్రెలకు మొదటి సూది వేసిన రెండు వారాలకు, రెండో మోతాదు తీసుకుని పుంగనూరు వెళ్లాను. దొడ్లోకి అడుగుపెట్టేసరికి కాలిన ఉన్ని వాసన. షెడ్డులో గొర్రెలు గోడకు ఒరుసుకుని వణుకుతున్నాయి. నేను సూదులు వేసిన చోట భుజాల మీద గడ్డలు లేచాయి, లేవాలి కూడా. ఒక్కో గడ్డ మీద రెండు అడ్డ గీతలు. చర్మం కాలి, అంచులు ముడుచుకుని, మధ్యలో ఎర్రగా మాంసం. ఏడు గొర్రెలకు అలా ఉన్నాయి. మూడు మిగిలాయి. బావ ఎనిమిదో దాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు. పక్కన కుంపటిలో ఇనుప కమ్మీ.

"ఏం బావా ఇది!"

"ఏముండాది? నువ్వేసిన సూదికి గడ్డలు లేసినాయి. గమ్మున సూస్తా కూసోమంటావా? వాతలు పెడతాండా. రేపటికి అణిగిపోతాయి."

"అవి లేయాల బావా! లేస్తేనే మందు పనిచేస్తాండాదని!"

"వాపు లేస్తే మంచిదా?" అని అరుగు మీద కూర్చున్న అక్క వైపు తిరిగాడు. "ఇన్నావా మీ సెల్లెలి సదువు?"

"దాని సదువు దానికే తెల్దు లే" అంది అక్క. నవ్వుతోంది.

నాకు నవ్వు రాలేదు. బావ కమ్మీ తీసి గడ్డ మీద ఆనించాడు. గొర్రె గొంతులోంచి వచ్చిన ఆ చప్పుడు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. కమ్మీ లాక్కున్నాను. లాక్కున్న ఊపులోనో, కావాలనో, ఇప్పటికీ చెప్పలేను, అది ఆయన మోచేతికి తగిలింది. చర్మం చుయ్యిమంది. ఆయన గొర్రెను వదిలేసి నా మణికట్టు పట్టి వెనక్కి మెలిపెట్టాడు. కమ్మీ కింద పడింది. చెయ్యి విరిగిందనుకున్నాను.

"నన్ను కొడతావా? వాటికి నొప్పి పుడితే ఆడ కుప్పంలో నీకేమన్నా తెలుస్తాదా? మేత మానేసి మూలుగుతాంటే ఈడ ఇనేది నేను!"

"ఇడిసిపెట్టు రా దాన్ని" అని ఆయన తల్లి లోపల్నుంచి వచ్చింది. అక్క అత్త. నేనూ ఆమెను అత్తా అనే పిలుస్తాను. "పాపా, నీకు తెల్దు. కాలిస్తే లోపలుండే నీరు బయటికొచ్చేస్తాది. వీడు మూడు నెలల పిల్లోడప్పుడు కడుపుబ్బి సచ్చిపోతాండాడంటే నేనే పెట్నా. సూడు ఎట్లుండాడో, దున్నపోతు మాదిరి."

బావ పొట్ట మీద ఆ మూడు గీతలు నేనెప్పుడో చూశాను. ఆ ఇంట్లో వాపు అంటే వాత. ఎద్దు మూపురం వాచినా, పిల్లల దవడలు వాచినా, గొర్రె కాలు వాచినా. ఎవరి మీదో కోపంతో చేసేది కాదు, జ్వరానికి తడిగుడ్డ వేసినంత మామూలుగా చేసేది. మా పుట్టింట్లో ఆ అలవాటు లేదు. అందుకే నేను సూది వేసేముందు గడ్డలు లేస్తాయని చెప్పానే గాని వాటిని కాల్చొద్దని చెప్పాలన్న ఊహే రాలేదు.

వాతలు పెట్టిన వాటిలో ఒక గొర్రెకు పుండు పురుగుపట్టింది. మందు వేశాం, తగ్గలేదు. నాలుగో రోజుకు భుజం తినేశాయి. బావే దాన్ని కోశాడు. కాళ్లు కట్టి, తల నా వైపు తిప్పి, "సూడు" అన్నాడు. కత్తి ఒక్కసారే వేశాడు. గొర్రె కాళ్లు చాలాసేపు కొట్టుకున్నాయి. మాంసం తినకూడదని చెబితే గొయ్యి తవ్వి, సున్నం వేసి పూడ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదని అక్క తర్వాత చెప్పింది.

ప్రయోగశాలలో జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. వాతలు పడిన గొర్రెల రక్తం పక్కనపెట్టాం. బావ చేత ఒట్టు వేయించుకున్నాను.

"గొర్రెలకు ఇంగ పెట్టను లే. నీ మీద ఒట్టు" అన్నాడు.

నేను అడిగింది గొర్రెల గురించే. ఆయన వేసిన ఒట్టూ గొర్రెల గురించే.

*

ఆ ఏడాది చలికాలంలో డాక్టరు అక్కకు యాంటీబాడీ మందు ఎక్కిద్దామన్నాడు. అది మేం తయారుచేసే రకం కాదు, పెద్ద ఫ్యాక్టరీలలో తయారయ్యేది. తెల్లకణాల మీద ఒక రకం తలుపు ఉంటుంది. ఒంట్లో పుట్టే 'దాడి చెయ్యి' అనే సందేశం ఆ తలుపులోంచే లోపలికి వెళ్తుంది. ఈ యాంటీబాడీ పోయి ఆ తలుపుకు అతుక్కుంటుంది. సందేశం అందదు, కణం కొరకదు. నెలకోసారి సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు.

ఆ మందు గురించి దొరికినదంతా చదివాను. దాడి ఆగితే అన్ని దాడులూ ఆగుతాయి, సూక్ష్మజీవుల మీద దాడి కూడా. ఒంటి మీద మానని పుండు ఉంటే మందు ఎక్కించకూడదు. ఎక్కించాక లోపల చీము పట్టినా జ్వరం రాకపోవచ్చు. వాపును చూపే మామూలు రక్తపరీక్ష కూడా బాగున్నట్టే చూపిస్తుంది, ఎందుకంటే ఆ పరీక్ష కొలిచేది ఈ మందు మూసేసిన సందేశం వల్ల పుట్టేదాన్నే. ఇవన్నీ నా నోట్‌బుక్కులో నా చేతిరాతతో ఉన్నాయి.

క్షయ పరీక్ష, కామెర్ల పరీక్ష అన్నీ చేశారు. బాగానే వచ్చాయి. ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. "మీ అక్క పేరుమీద మందు వచ్చిందమ్మా. గురువారం రావాల. ఆ రోజు రాకపోతే వేరే పేషెంట్‌కు పోతాది. మళ్లీ రెండు నెలలు పడుతుంది, సూసుకోండి."

రెండు నెలలంటే ఇంకెంత ఎముక పోతుందో నేను లెక్కవేసుకున్నాను.

గురువారం తెల్లవారగానే కుప్పం నుంచి బస్సెక్కి, వెంకటగిరికోట మీదుగా పుంగనూరు చేరి, అక్కను తీసుకుని మదనపల్లె బస్సెక్కాను. బావ మండీకి కాయలు వేసుకుని ముందే వెళ్లాడు. బస్సులో అక్క కాళ్లు చాపుకుని కూర్చుంది. పసుపు, ఏదో ఆకు పసరు వాసన వస్తోంది. దాని కింద ఇంకో వాసన. దొడ్లో చూసిన వాసన.

ఆసుపత్రిలో ఆడవాళ్ల బాత్రూములోకి తీసుకుపోయి తలుపు వేశాను. "సీర ఎత్తు" అన్నాను.

"ఏమీ లేదు పో మే."

"ఎత్తుతావా, నేను ఎత్తాలనా?"

ఎత్తింది. రెండు మోకాళ్ల మీద నాలుగు వాతలు. మూడు ఎండి నల్లగా పెచ్చుకట్టాయి. కుడి మోకాలి లోపలివైపున్నది తడిగా ఉంది.

"ఎప్పుడు?"

"ఆదివారం. నేనే పెట్టమన్నా. మీ బావ వద్దనే అన్నాడు. స్టెరాయిడ్ మాత్ర తగ్గించినారు కదా, మూడు రోజులు నిద్ర లేదు మే. గొంతు పిసుక్కోని సద్దామనిపించింది. మా అత్త నోట్లో గుడ్డ పెట్టింది. ఆయప్ప కాల్సినాడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పెట్నాక ఒక రోజు నిద్రపట్నాది, నిజం."

బయట ఎవరో తలుపు కొట్టారు.

"డాక్టరుకు సెప్పాల" అన్నాను.

"సెప్తే సూది ఎయ్యరు కదా?"

"ఎయ్యరు."

అక్క తన ఎడమచేతిని నా మొహం ముందు పెట్టింది. ముడుచుకున్న రెండు వేళ్ల పక్కన మూడోది కూడా వంగడం మొదలుపెట్టింది. "రొండు నెలలకు ఇది కూడా పోతాది. నీకు తెలుసు. నువ్వే సెప్పినావు" అంది. తర్వాత, "మొగుడి సేత అన్నం తినిపించుకుంటా ఎన్నేండ్లు బతకమంటావు నన్ను?"

ఆ తడి వాతను వేలితో నొక్కి చూశాను. చీము రాలేదు. నీరు వచ్చింది. అక్క పళ్లు బిగించిందే గాని అరవలేదు. నా దగ్గరున్న దూదితో తుడిచి, మందు రాసి, కట్టుకట్టి చీర దించాను. చిన్నదే, ఎండిపోతుంది అనుకున్నాను. ఆ నిర్ణయం తీసుకోవడానికి ఎంతసేపు పట్టింది? చేతులు కడుక్కున్నంతసేపు.

డాక్టరు చిన్న వయసువాడు. కాగితం ముందుపెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు. "జ్వరం? దగ్గు? ఒంటిమీద పుండ్లు, గాయాలు ఏమన్నా ఉండాయామ్మా?" అక్క నా వైపు చూసింది. ఆయనా నా వైపు చూశాడు. నేనేం పనిచేస్తానో ఆయనకు తెలుసు.

"లేవు సార్" అన్నాను.

ఆయన టిక్కు పెట్టాడు.

*

ఆ మందు పనిచేసింది. ఇది రాయాలి, ఎందుకంటే తర్వాత మా ఊళ్లో అందరూ అది విషమన్నారు.

పదో రోజుకు నేను పుంగనూరు వెళ్లేసరికి అక్క అరుగు మీద నిలబడి జడ వేసుకుంటోంది. తనే. నన్ను చూసి దువ్వెన కింద పడేసింది.

"సెంప ఈ పక్కకు తిప్పు మే."

"యాల?"

"తిప్పమంటే!"

తిప్పాను. చెళ్లుమని కొట్టింది. కళ్లు చెమర్చేంత గట్టిగా. తర్వాత తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "ఆరేండ్లాయ ఎవురినన్నా ఇట్ల కొట్టి!"

"మీ ఆయప్ప ఉండాడు కదా, ఆయన్ని కొట్టచ్చు కదా?"

"ఆయప్పకు పొద్దునే అయిపోయింది" అంది. దొడ్లోంచి బావ, "రొండు సార్లు!" అని అరిచాడు.

ఆ రోజు కోడిని కూడా తనే కోసింది. బావ వద్దంటే వినలేదు. కాళ్ల కింద రెక్కలు తొక్కిపట్టి, కుడిచేత్తో కత్తి వేసింది. నెత్తురు చీర మీద చిమ్మింది. అత్త తిడుతుంటే నవ్వుతోంది. మసాలా తనే నూరింది. ఎడమచేతి ముడుచుకున్న వేళ్లు అలాగే ఉన్నాయి కానీ మూడోది నిటారుగా లేచింది. రోలు ముందు నుంచి లేచేటప్పుడు మాత్రం కుడికాలు కొంచెం ఈడ్చింది. అడిగితే, "తిమ్మిరెక్కింది" అంది.

కట్టు విప్పి చూడలేదు. చూడాలని అనుకున్నాను. ఇల్లంతా మనుషులు, నవ్వులు. అన్నం తిని సాయంత్రం బస్సెక్కేశాను.

ఆ తర్వాతి వారం రోజూ ఫోన్ చేశాను. "జ్వరముందా?" "లేదు." "కాలు?" "బరువుగా ఉండాది అంతే. ఊరికే గోల సేయొద్దు." పుంగనూరులోనే వాపు పరీక్ష చేయించమన్నాను. బావ చేయించి కాగితం ఫొటో పంపాడు. మామూలుగా ఉంది. మంచి ఆరోగ్యం ఉన్నవాళ్లకు ఉన్నంత తక్కువగా ఉంది. ఆ అంకెను చూసి నేను హాయిగా నిద్రపోయాను. ఆ మందు ఎక్కించుకున్నవాళ్లలో ఆ అంకెను నమ్మకూడదని నా నోట్‌బుక్కులో నేనే రాసుకున్నాను. మనిషి నమ్మాలనుకున్నదాన్ని నమ్ముతాడు. చదువు దానికి అడ్డురాదు.

పద్దెనిమిదో రోజు పొద్దున బావ ఫోన్ చేశాడు. మాట సరిగ్గా రావడంలేదు. "నువ్వు బిరీన రా. కాలు నల్లగైపోయినాది."

నేను మదనపల్లె చేరేసరికి అక్కను ఐసీయూలో పెట్టారు. కుడికాలు తొడ దాకా ఊదారంగులో ఉబ్బి, చర్మం మీద బొబ్బలు. సర్జన్ మోకాలి నుంచి తొడ దాకా కోసి చచ్చిన కండ తీసేశాడు. దాన్ని వేసిన బకెట్టు బయటికి తెచ్చేటప్పుడు దాని మీద గుడ్డ కప్పలేదు. ఆ తడి వాత దగ్గర మొదలైన చీము లోపల్లోపలే పాకింది. జ్వరం రాలేదు, వాపు కనపడలేదు, పిలిచేవాళ్లు లేరని తెల్లకణాలు రాలేదు. అన్ని హెచ్చరికలనూ ఆపేశాం మేం.

అక్కకు స్పృహ వచ్చినప్పుడు నన్ను గుర్తుపట్టింది. నోట్లో గొట్టం, మాట్లాడలేదు. కుడిచేత్తో నా వేళ్లు పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. మరునాడు మధ్యాహ్నం పోయింది.

*

ఊరి నుంచి రెండు టెంపోల్లో వచ్చారు. బావ అన్నదమ్ములు, వాళ్ల కొడుకులు, పక్కపల్లెలవాళ్లు. నేను వార్డు బయట బెంచీ మీద ఉన్నాను. మొదట కేకలు వినపడ్డాయి, తర్వాత అద్దం పగిలిన చప్పుడు. బిల్లింగ్ కౌంటర్ అద్దం. నర్సు ఒకామె చెవులు మూసుకుని గోడ పక్కన కూర్చుండిపోయింది.

"బాగుండే మనిషికి ఇసం ఎక్కిచ్చినారు!"

"యాడుండాడు ఆ నా కొడుకు!"

కీళ్ల డాక్టరు మెట్ల మీదనే దొరికాడు. పారిపోతున్నవాడు కాదు, మాట్లాడదామని కిందికి వస్తున్నవాడు. బావ పెద్దన్న ఆయన చొక్కా పట్టి లాగాడు. కళ్లద్దాలు పడ్డాయి, ఎవరో తొక్కారు. ఒకడు సెలైన్ స్టాండు ఎత్తి భుజం మీద కొట్టాడు. ఇంకొకడు మొహం మీద గుద్దాడు. పై పెదవి చీలి రక్తం తెల్లకోటు మీద పడింది. ఆయన రెండు చేతులతో తల కప్పుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. బావ గుంపు వెనకాల నిలబడి చూస్తున్నాడు. కొట్టడంలేదు, ఆపడంలేదు.

స్టాండు మళ్లీ లేచింది. ఈసారి అది తల మీద పడేది.

నేను గుంపులోకి తోసుకుని వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఈయన అడిగినాడు! పుండ్లుండాయా అని అడిగినాడు! ఉండాయని నాకు తెలుసు. లేవని సెప్పింది నేను!"

ఆ మాట అందరికీ అందడానికి కొంచెం సేపు పట్టింది. స్టాండు పట్టుకున్నవాడు దాన్ని దించలేదు, కొట్టలేదు.

"ఏం పుండ్లు?" అన్నాడు బావ పెద్దన్న.

"మోకాళ్ల మీద వాతలు."

పెద్దన్న వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూశాడు. వాతలు ఆ ఇంట్లో ఎవరు పెడతారో అక్కడున్న అందరికీ తెలుసు. బావ గుంపును చీల్చుకుంటూ వచ్చాడు. ఆయన కొట్టిన మొదటి దెబ్బకు నాకు కుడిచెవిలో గుయ్యిమంది. రెండోది కడుపులో. కింద పడ్డాను. జుట్టు పట్టి లేపి, "తెలుసునా నీకు? తెలుసునా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. తెలుసు అన్నప్పుడల్లా కొట్టాడు. ఆయన్ని ఎవరూ ఆపలేదు. చివరికి మెట్ల మీద నుంచి లేచి, రక్తం కారుతున్న మొహంతో ఆయన చెయ్యి పట్టుకుంది ఆ డాక్టరే.

శవాన్ని ఎక్కించిన టెంపోలో నన్ను ఎక్కనివ్వలేదు. వెనకాల బస్సులో వెళ్లాను. అక్కకు నీళ్లు పోసేటప్పుడు ఆడవాళ్లు నన్ను దూరంగా నిలబెట్టారు. అత్త మాత్రం ఒక్కసారి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. "నోట్లో గుడ్డ పెట్టింది నేనే పాపా" అని చెప్పి వెళ్లిపోయింది.

*

పెద్దకర్మ అయ్యాక మదనపల్లె వెళ్లి డాక్టరును కలిశాను. ఆయన మీద ఎవరైనా కేసు వేస్తే పనికొస్తుందని, ఆయన అడిగాడని, నేను అబద్ధం చెప్పానని కాగితం మీద రాసిచ్చాను. పెదవికి కుట్లున్నాయి, నోటి ఒక పక్కతోనే మాట్లాడుతున్నాడు. కాగితం చదివి మడిచి పక్కన పెట్టాడు.

"చెప్పింటే బాగుండునమ్మా. పుండు మానేదాకా మూడు వారాలు ఆగేవాళ్లం. మందు ఫ్రిజ్జులోనే ఉండేది."

"ఆ రోజు రాకపోతే వేరేవాళ్లకు పోతుందన్నారు కదా సార్?"

ఆయన తల దించుకున్నాడు. "అట్ల చెప్పకపోతే తేదీకి రారమ్మా. అందరికీ అట్లే చెప్పమంటాం."

ఆయన తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎందుకో ఆయనకూ తెలిసినట్టు లేదు. నేను వచ్చేశాను.

ఆ మాట బావకు చెప్పాలా వద్దా అని బస్టాండులో కూర్చుని ఆలోచించాను. చెబితే మళ్లీ మనుషులను వేసుకుని డాక్టరు మీదికి పోతాడు. చెప్పకపోతే మళ్లీ ఒకటి దాచినదాన్నవుతాను. దాచడం వల్ల ఏమవుతుందో చూశాను. పుంగనూరు బస్సెక్కాను.

బావ వాకిట్లో బండి తుడుస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నిలబడే చెప్పాను, ఒక్క మాట కూడా తగ్గించకుండా. విన్నాడు. లోపలికి పోయి కొడవలి తెచ్చి బండికి దోపుకున్నాడు. కిక్కు కొట్టాడు. నేను హ్యాండిల్ పట్టుకుని ముందు చక్రానికి అడ్డంగా నిలబడ్డాను.

"అడ్డం లెయ్."

"లేయను."

బండి ముందుకు దూకించాడు. చక్రం నా ముంగాలికి కొట్టుకుంది. ఎముక మీద తగిలింది, కళ్లు బైర్లుకమ్మాయి. హ్యాండిల్ వదలలేదు. మళ్లీ దూకించాడు. చర్మం చీరుకుపోయి రక్తం చెప్పులోకి దిగింది. మూడోసారి దూకించబోయి ఆగిపోయాడు. ఇంజను ఆపేశాడు.

"నేను కాల్సకుండా ఉంటే?" అన్నాడు.

"బతికేది."

"నువ్వు సెప్పింటే?"

"బతికేది."

"వాళ్లు ఆ మాట అనకుండా ఉంటే?"

"తెలీదు బావా. అప్పుడు సెప్పేదాన్నేమో."

"ఏమో" అన్నాడు. నన్ను ఎత్తిపొడిచినట్టు కాదు, ఆ మాటను చేత్తో పట్టుకుని చూసినట్టు. తర్వాత కొడవలి తీసి దొడ్లోకి విసిరేసి, బండి దిగి, నా కాలి వైపు చూశాడు.

"అది కట్టించుకో. ఊరికే ఇడిసిపెట్టద్దు" అన్నాడు.

లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు.